నాయన కడిగిన కప్పు

నా చిన్నప్పుడు మా నాయన దగ్గర గడియారం లేదు, గోడ ఉండేది. అశోక్‌నగర్‌లో ఆయన కూలికి వెళ్లే మూడంతస్తుల ఇంటి ప్రహరీ గోడ అది. పొద్దెక్కేకొద్దీ కడుతున్న ఇంటి నీడ ఆ గోడ మీద మెల్లగా జరిగేది. నాయన దాని మీద బొగ్గుతో మూడు గీతలు గీసి పెట్టుకున్నాడు. నీడ మొదటి గీతను తాకితే పని మొదలు, రెండో గీతకు అన్నం, మూడో గీతకు కాళ్లూ చేతులూ కడుక్కోవడం. మేస్త్రీ చేతికి గడియారం ఉండేది గానీ, అది ఆగిపోయినప్పుడు ఆయన కూడా మా నాయన గోడ వైపే చూసేవాడు. చాలా ఏళ్ల తరువాత గ్రంథాలయంలో ఒక పుస్తకంలో చదివాను, గడియారాలు రాకముందు లోకమంతా నీడతోనే పొద్దు కొలుచుకునేదట, అందుకోసం రాజులు రాతి కట్టడాలే కట్టించారట. ఆ పేజీ చదువుతుంటే నా కళ్ల ముందు బొగ్గు ముక్క పట్టుకున్న మా నాయనే నిలబడ్డాడు.

మాది పాలమూరు జిల్లా. వానలు మొహం చాటేసిన ఏడు నాయన, అమ్మ, నేను ఊరు విడిచి పట్నం వచ్చాం. కడుతున్న ఇంటి పక్కనే రేకుల గుడిసెలో ఉండేవాళ్లం. పగలు నేను ఇటుకల మధ్య తిరుగుతూ ఉంటే కాలి మీద ఏం పడుతుందోనని భయపడి అమ్మ నన్ను చిక్కడపల్లి సర్కారు బడిలో వేసింది. అంటే చదువు కోసం కాదు, కావలి కోసం. కానీ అక్కడ మా పంతులమ్మ అట్టముక్కతో గడియారం చేసి, చీపురు పుల్లలు ముళ్లుగా పెట్టి మాకు గంటలు నేర్పింది. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. మూడో తరగతికి వచ్చేసరికి దుకాణాల బోర్డులు చదువుకుంటూ నడిచి కరెంటు స్తంభాలకు గుద్దుకునేదాన్ని.

ఆ ఏడాదే ఊళ్లో మా అవ్వ కాలు విరిగింది. ఆమెకు నాలుగు మేకలున్నాయి. అమ్మకు నెలలు నిండుతున్నాయి, కదలలేదు. నన్ను అవ్వ దగ్గర విడిచి రావాలని ఇంట్లో నిర్ణయం జరిగిపోయింది. ఊళ్లో కూడా బడి ఉంది, కానీ మేకలు బడికి రావు కదా. నా పలక తీసుకుపోతానంటే అమ్మ మూటలో నుంచి దాన్ని తీసి గుడిసె చూరులో పెట్టింది. అది చూసినప్పుడు నాకు సంగతి అర్థమైంది. ఇక నేను తిరిగి రాను.

ముసురు పట్టిన రోజులవి. నాలుగు రోజుల నుంచి ఎండ లేదు, ఎండ లేకపోతే నీడ లేదు, నీడ లేకపోతే మా నాయనకు పొద్దు లేదు. కాచిగూడలో పొద్దున రైలు ఎక్కాలి. నాయన లేచి గోడ దగ్గరకు వెళ్లి, మబ్బు వైపు చూసి, ఇంకా తెల్లవారలేదనుకుని వచ్చి మళ్లీ పడుకున్నాడు. మేము మూట తలకెత్తుకుని, నారాయణగూడ మీదుగా నడిచి కాచిగూడ చేరేసరికి స్టేషన్ ఖాళీగా ఉంది.

"బండి పోయి గంటయింది పెద్దమనిషీ. మల్ల రెండింటికున్నది," అన్నాడు ఎర్రచొక్కా కూలీ.

"అగో! ఇప్పుడే గద తెల్లారింది," అన్నాడు నాయన.

ఆ కూలీ పైనున్న పెద్ద గడియారాన్ని చూపించాడు. నాయన దాని వైపు చూసి, తల దించుకున్నాడు. నా లోపల మాత్రం సంతోషం పొంగింది. దాన్ని మొహం మీదికి రానివ్వకుండా పళ్లు బిగపట్టి నిలబడ్డాను.

రెండింటి దాకా అమ్మ దగ్గరకే వెళ్లి వద్దామని వెనక్కి బయల్దేరాం. నారాయణగూడ చౌరస్తా చేరేసరికి వాన కుండపోతగా అందుకుంది. మూలమీద ఇరానీ హోటల్ ఉంది. రోజూ ఆ దారిన పోతూ చూసేదాన్ని గానీ దాని మెట్టు ఎక్కుతామని కలలో కూడా అనుకోలేదు. గోడలకు నిలువెత్తు అద్దాలు, గుండ్రటి పాలరాతి బల్లలు, నల్లటి కర్ర కుర్చీలు. నాయన నన్ను చూరు కిందికి లాగి, తను సగం వానలోనే నిలబడ్డాడు. గల్లా పెట్టె ముందున్న సేటు మమ్మల్ని చూశాడు.

"ఏమయా, దర్వాజల నిలబడ్డవ్? లోపల్కి రా."

"ఇక్కడ్నే మంచిగున్నది సేటు."

"నీకు మంచిగున్నది, నాకు లేదు. నువ్వు దర్వాజ మూసినట్టు నిలబడితె గిరాకీ కిటికీలకెల్లి దుంకి రావాల్నా?"

అట్లా లోపలికి వెళ్లాం. నాయన కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. చాయ్ వచ్చింది. తెల్లటి పింగాణీ కప్పు, దాని కింద బశి. నాయన నాకు బశిలో పోసి ఇచ్చి, తను కప్పుతో తాగాడు. బయట లోకమంతా తడుస్తుంటే ఆ వెచ్చదనం, ఆ పాల వాసన, అద్దంలో కనిపిస్తున్న అంతమంది మనుషులు. రిక్షా తొక్కేవాళ్లు, టై కట్టుకున్నవాళ్లు, టోపీ పెట్టుకున్నవాళ్లు, బొట్టు పెట్టుకున్నవాళ్లు. అందరి ముందూ అదే కప్పు. నేను ఒక్కొక్క బల్ల మీదా చూశాను. ఎక్కడా వేరే గ్లాసు లేదు.

ఇక్కడ మా ఊరి హోటల్ సంగతి చెప్పాలి. అక్కడ మా వాడవాళ్ల గ్లాసు హోటల్ బయట చూరులో బోర్లించి ఉండేది. మేమే దాన్ని తీసుకుని, కడిగి, చేయి చాపితే పైనుంచి చాయ్ పోసేవారు. బెంచీ మీద కూర్చోకుండా నేల మీద కూర్చుని తాగి, మళ్లీ కడిగి, మళ్లీ చూరులో పెట్టాలి. ఆ పద్ధతికి ఒక పేరుందని, అది తప్పని చట్టమూ చెబుతోందని నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. అప్పటికి మాత్రం చాయ్ తాగడం అంటే అదే.

అందుకే తాగడం అవగానే నాయన లేచాడు. కప్పూ బశీ రెండు చేతులతో పట్టుకుని, మూలనున్న చేతులు కడుక్కునే నల్లా దగ్గరకు వెళ్లి, జాగ్రత్తగా కడగడం మొదలుపెట్టాడు. చాయ్ అందించే అతను "అరే చాచా, క్యా కర్రే!" అని కేకవేశాడు. హోటల్ మొత్తం తిరిగి చూసింది. జేబులో రెండు పెన్నులు పెట్టుకున్న పడుచువాడొకడు పకపకా నవ్వాడు.

"పాలమూరు బస్సు ఇప్పుడే దిగినట్టున్నది. కాకా, కడిగే చేత్తోని నాది గూడ కడుగరాదే!"

ఇంకొంతమంది నవ్వారు. నాయన చేతిలో కప్పు ఆగిపోయింది. కడగాలో, అక్కడ పెట్టాలో, తనతో తీసుకుపోవాలో తెలియక నిలబడ్డాడు. నల్లా నీళ్లు కప్పు నిండి పొర్లిపోతున్నాయి. నాయన చెవులు ఎర్రబడడం నేను చూశాను. నేను చూడకుండా ఉండాల్సింది.

అప్పుడు కిటికీ దగ్గర బల్ల మీద నుంచి ఒక పెద్దాయన లేచాడు. నల్లకోటు, తెల్లటి మీసాలు, మడతపెట్టిన పేపరు చంకలో. ఆయన పేరు నాకు ఎప్పటికీ తెలియలేదు, మనసులో కోటు తాత అని పిలుచుకున్నాను. ఆయన ఎవరినీ మందలించలేదు. తన కప్పూ బశీ తీసుకుని నెమ్మదిగా నల్లా దగ్గరకు నడిచాడు.

"జర జరుగు తమ్మీ, నాది గూడ కడుక్కుంట," అన్నాడు నాయనతో, రోజూ చేసే పని అన్నట్టుగా.

నాయన జరిగాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి కప్పులు కడిగారు. ఆ హోటల్లో నవ్వు ఆగిపోయింది. కాసేపటికి ఒక రిక్షా అన్న తన కప్పు పట్టుకుని వచ్చి వాళ్ల వెనక నిలబడ్డాడు. తరువాత టై కట్టుకున్న ఒకాయన. తరువాత ఇంకొకరు. నల్లా ముందు వరుస కట్టారు. చివరికి ఆ పెన్నుల పడుచువాడు కూడా మొహం ఎటో పెట్టుకుని, తన కప్పుతో వరుస చివర నిలబడ్డాడు. చాయ్ అందించే అతను చేతులెత్తేసి, తువ్వాలు భుజాన వేసుకుని, నా పక్కన కుర్చీలో కూలబడ్డాడు.

"యా అల్లా!" అన్నాడు సేటు గల్లా మీద నుంచి. "ఇగ రేపట్నుంచి మీరు చాయ్ గూడ కాసుకుంటరా ఏంది?"

అందరూ నవ్వారు. ఈసారి నాయన కూడా నవ్వాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. అద్దంలో ఆ వరుస రెండింతలై కనిపించింది. మా ఊళ్లో మా నాయన ఒక్కడే, నేల మీద కూర్చుని, వంగి కడిగేవాడు. ఇక్కడ పట్నమే లేచి ఆయన వెనక వరుసలో నిలబడింది. తరువాత నేను ఎన్నో పుస్తకాల్లో ఎందరో మహారాజుల కొలువులు చదివాను గానీ, అంతటి కొలువు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

కోటు తాత వచ్చి మా బల్ల దగ్గరే కూర్చుని ఏ ఊరు, ఎక్కడికి అని అడిగాడు. నాయన చెప్పాడు. అవ్వ కాలు, మేకలు, తప్పిపోయిన రైలు, మబ్బు పట్టి నీడ లేకపోవడం. నేను ఆగలేక, "నేను మూడో తరగతి తాతా, నాకు సదువొస్తది," అన్నాను. నాయన నా మోకాలి మీద చేయి వేసి నొక్కాడు. తాత నా వైపు చూశాడు. పేపరు సర్దుకుంటూ, "రెండింటి దాంక ఈ వానల ఏడ తిరుగుతరు? నేను చిక్కడపల్లి లైబ్రరీకి పోతున్న, మీ తొవ్వల్నే ఉంటది. ఆడ కూసోవచ్చు," అన్నాడు.

"మాకు సదువు రాదు సారూ."

"బెంచీకి ఆ సంగతి తెల్వది తమ్మీ."

ఆయన గొడుగు కింద నేను, గొడుగు బయట నాయన, అట్లా గ్రంథాలయం చేరాం. మెట్ల మీదే నాయన టైరు చెప్పులు విడిచేశాడు. అక్కడ ఎవరూ విడవరు. నా కాళ్లకు అప్పటికి చెప్పులే లేవు. నేను హోటల్ గుర్తుకొచ్చి, "ఈడ గూడ ఏమన్న కడగాల్నా తాతా?" అని అడిగాను. "చేతులు కడుక్కోవాలె బిడ్డా. పుస్తకానికి మరకంటకుండ," అన్నాడు. ఆ మాటను నేను ఈ రోజుకీ పాటిస్తాను.

లోపల పెద్ద హాలు. పొడవాటి బల్లలు, బెంచీలు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మనుషులు, ఒక్క మాట లేదు, కాగితం తిప్పిన చప్పుడు తప్ప. పక్క గదిలోకి తొంగి చూస్తే బీరువాల నిండా పుస్తకాలు, వరుసపెట్టి, నేల నుంచి నా తల పైదాకా, అక్కడి నుంచి పైకప్పు దాకా. మా బడి మొత్తానికి ఒక ట్రంకు పెట్టెలో పట్టేన్ని పుస్తకాలుండేవి, అవే లోకంలోని పుస్తకాలన్నీ అనుకునేదాన్ని. ఇన్నింటిని ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఇవన్నీ ఇక్కడ ఇట్లా ఉండగా నేను మేకల వెంట ఎట్లా పోతాను?

నాయన బెంచీ మీద, ఈసారి అంచు మీద కాకుండా కాస్త లోపలికి కూర్చున్నాడు. పక్కనున్న ఒకాయన తను చదివేసిన పేపరు పేజీని అలవాటుగా మా ముందుకు జరిపాడు. నాయన దాన్ని తాకకుండా చూస్తున్నాడు. నేను వేలు పెట్టి కూడబలుక్కున్నాను. ఒకచోట మా జిల్లా పేరు కనిపించింది. "పా-ల-మూ-రు జిల్లాలో వా-న-లు. చెరువులకు నీ-ళ్లు."

నాయన నా వైపు వంగాడు. "ఇంకోసారి సదువు."

చదివాను.

"మన ఊరి పేరున్నదా?"

"లేదు నాయినా."

"ఉంటదిలే. ఎనుక దిక్కు సూడు," అన్నాడు గుసగుసగా. వెనక వైపు సబ్బుల ప్రకటన ఉంది. నేను అది కూడా చదివి వినిపించాను. ఆయన అంతే శ్రద్ధగా విన్నాడు.

ఎంతసేపు గడిచిందో. నాయన ఉలిక్కిపడి కిటికీ వైపు చూశాడు. బయట అదే మబ్బు. పొద్దున్నా అంతే, మధ్యాహ్నమూ అంతే. ఆయన గోడ మీదున్న గడియారాన్ని చూసి, నన్ను చూసి, "ఎంతయిందే?" అన్నాడు.

ఒంటి గంటకు పది నిమిషాలు తక్కువ. ఇప్పుడు లేచి నడిస్తే రెండింటి బండి అందుతుంది. పదకొండు అని చెబితే అందదు. నాయనకు ఎప్పటికీ తెలియదు. ఆ రెండు అంకెల మధ్య నా బడి, నా పలక, ఆ పక్క గదిలోని పుస్తకాలన్నీ ఉన్నాయి. పదకొండు అనే మాట నాలుక దాకా వచ్చింది. అప్పుడు నాకు నల్లా దగ్గర నిలబడిన నాయన చెవులు గుర్తొచ్చాయి. ఆయనకు తెలియని సంగతి చూసి ఒకడు నవ్వాడు. ఆయనకు తెలియని సంగతి చూసుకుని నేను మోసం చేస్తే, నేను ఏ వరుసలో నిలబడినట్టు?

"ఒంటి గంటకు పది తక్కువ," అన్నాను. చెబుతుంటే కళ్ల నిండా నీళ్లు వచ్చాయి.

నాయన నా మొహాన్ని చాలాసేపు చూశాడు. "నిజంగనే?"

"నిజమే నాయినా."

ఆయన లేచి మూట ఎత్తుకున్నాడు. కోటు తాత దూరంగా ఒక మూల లావుపాటి పుస్తకంలో తల దూర్చి ఉన్నాడు. ఆయన్ని కదిలించకుండా బయటికి నడిచాం.

మెట్ల మీద రెండే జతలున్నాయి. ఒకటి నాయన టైరు చెప్పులు. వాటి పక్కనే, వాటిని ఆనుకుని, నల్ల బూట్లు, వాటిలో మడిచి దూర్చిన మేజోళ్లు. అంత పెద్ద హాల్లో అంతమంది ఉంటే, చెప్పులు విడిచింది ఇద్దరే. కోటు తాత ఎప్పుడు విడిచాడో మేము గమనించనేలేదు. జల్లు కొట్టి బూట్లు తడుస్తున్నాయి. నాయన వాటిని చూస్తూ నిలబడిపోయాడు. తరువాత వంగి, ఆ బూట్లను రెండు చేతులతో ఎత్తి, తన తువ్వాలుతో తుడిచి, జల్లు పడని చోట గోడ వారగా పెట్టాడు.

గేటు దగ్గరకు వచ్చాం. ఒకవైపు వెళ్తే కాచిగూడ, ఇంకోవైపు అశోక్‌నగర్. నాయన అక్కడ ఆగాడు.

"మేకల్ని కాసెటోళ్లు ఊర్లె ఎవరన్న దొరుకుతరు. అవ్వను ఈడికే తోల్కొస్త," అన్నాడు, నాతో కాదు, వానతో చెప్పినట్టు. "గడియారం సూసెటోళ్లు మనింట్ల ఒక్కరన్న ఉండాలె."

అశోక్‌నగర్ వైపు తిరిగాడు.

గుడిసె ముందు అమ్మ లేచి నిలబడింది. "ఏమాయె? బండి తప్పిందా?"

"రెండు తప్పినయ్," అన్నాడు నాయన. చూరులో నుంచి పలక తీసి నాకిచ్చాడు.

నేను ఏడో తరగతి దాకే బడిలో చదివాను. ఆ పై చదువంతా ఆ గ్రంథాలయంలోదే. పగలు బట్టలు కుట్టి, సాయంత్రం ఆ బెంచీ మీద కూర్చుని, అర్థమైనవీ కానివీ చదువుకుంటూ పోయాను. పట్టా లేదు గానీ, నక్షత్రాల గురించి అడగండి, చీమల గురించి అడగండి, ఎంతో కొంత చెప్పగలను. కోటు తాత తరువాత కొన్నేళ్లు కనబడేవాడు. నేను తల వంచితే ఆయనా తల వంచేవాడు. మాట్లాడే చోటు కాదు కదా అది. నాయనకు నేనే గడియారం చూడడం నేర్పాను. వచ్చినా కూడా ఆయన చివరి వరకు "ఎంతయిందే?" అని నన్నే అడిగేవాడు.

ఇప్పుడు ఆ హోటల్ లేదు. అశోక్‌నగర్ నిండా ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు, వాళ్ల కోసం వెలిసిన కాఫీ దుకాణాలు. అక్కడ తాగిన కాగితం కప్పును ఎవరికి వారే తీసుకెళ్లి బుట్టలో వేస్తారు, చూస్తే నాకు నవ్వొస్తుంది. గ్రంథాలయంలో మాత్రం నా బెంచీ ఉంది. ఊరి నుంచి కొత్తగా వచ్చిన పిల్లలెవరో, చేతిలో సంచితో, తడబడుతూ వచ్చి, మెట్ల మీద చెప్పులు విడిచి లోపలికి వెళ్లడం అప్పుడప్పుడూ చూస్తుంటాను. ఇక్కడ విడవక్కర్లేదమ్మా అని చెప్పొచ్చు. అది ఆ పిల్లలకు ఎలాగూ రెండు రోజుల్లో తెలుస్తుంది. నేను వంగి, నా మోకాళ్లు ఒప్పుకున్నంత నెమ్మదిగా, నా చెప్పులు కూడా వాటి పక్కనే విడుస్తాను.